వాట్లు తగ్గాయి – గంటల మాటేమిటి?

(వాణిజ్య భవనాలలో ఎల్.ఇ.డి. దీపాలు, వాటి నియంత్రణ)

దీపాలకయ్యే కరెంటు ఖర్చు లెక్క చాలా చిన్నది. ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు – ఈ రెండింటినీ హెచ్చవేసి వెయ్యితో భాగిస్తే యూనిట్లు వస్తాయి. హైస్కూలు పిల్లవాడు చేయగల లెక్క. అయినప్పటికీ గడచిన పది పన్నెండేళ్ళుగా మన దేశంలో దీపాల పొదుపు గురించి జరిగిన ప్రయత్నమంతా దాదాపుగా ఈ గుణకారంలోని మొదటి అంకె చుట్టూనే తిరిగింది. రెండవ అంకెను, అనగా గంటలను, పట్టించుకున్నవాళ్ళు బహు కొద్దిమంది.

మొదటి అంకె విషయంలో జరిగిన పని నిజంగా గొప్పదే. కాదనలేం. 2015 జనవరి 5న ప్రారంభమైన 'ఉజాలా' పథకం కింద 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులు జనానికి చేరాయి. టోకున టెండర్లు పిలిచి కొనడం వల్ల 2014లో 310 రూపాయలు పలికిన బల్బు కొనుగోలు ధర రెండు మూడేళ్ళలోనే 40 రూపాయల లోపుకు దిగివచ్చింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని చీకటి చేసిన పిమ్మట అక్కడ తొంభై వేల పైచిలుకు వీధిదీపాలను ఎల్.ఇ.డి.లుగా మార్చారు. ఇళ్ళూ వీధులూ ఇట్లా మారాయి. ఇక ఆఫీసులు, బ్యాంకులు, ఆసుపత్రులు, షాపింగ్ కాంప్లెక్సులు, కాలేజీలు – వీటిలో కూడా పాత ట్యూబు తీసి కొత్త ట్యూబు పెట్టడం జోరుగా సాగుతోంది. కాని పగలు పదకొండు గంటలకు బయట ఎండ కళ్ళు చెదరగొడుతుండగా లోపల కర్టెన్లు దించుకుని దీపాలన్నీ వేసుకుని కూర్చునే అలవాటు మాత్రం ఏమీ మారలేదు. కొత్త దీపం తక్కువ తింటుంది గనుక ఆ అలవాటు ఇంకా ముదిరింది కూడా.

ఈ వ్యాసంలో దీపం గురించి కొంత, స్విచ్చి గురించి ఎక్కువ చెప్పదలచాను. ఎలక్ట్రికల్, సివిల్ శాఖల మిత్రులకు ఇది నేరుగా పనికివస్తుంది. మిగతావారు లెక్కలు వచ్చినచోట కాస్త ఓపిక పట్టాలి.

కాంతికి కొలత ఏమిటి?

బల్బు కొనేటప్పుడు "ఎన్ని వాట్లు?" అని అడగడం మనకు అలవాటు. వాటు అనేది బల్బు తినే తిండికి కొలత, ఇచ్చే వెలుగుకు కాదు. వెలుగుకు కొలత ల్యూమెన్. ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ పడితే అది ఒక లక్సు. వాటుకు ఎన్ని ల్యూమెన్లు వస్తాయన్నదే దీపం యొక్క సామర్థ్యం. పాతకాలపు ఫిలమెంటు బల్బు వాటుకు పది, పదిహేను ల్యూమెన్లు ఇచ్చేది. మిగతాదంతా వేడి. కాబట్టి దాన్ని దీపం అనడం కంటే వెలుగు కూడా ఇచ్చే హీటరు అనడం సబబు. 36 వాట్ల ట్యూబులైటు సుమారు 2450 ల్యూమెన్లు ఇస్తుంది. వాటుకు అరవై ఎనిమిది అన్నమాట. కాని దాని రాగి చోకు మరొక పన్నెండు వాట్ల దాకా మింగుతుంది. దాన్ని కూడా కలుపుకుంటే యాభైకి పడిపోతుంది. ఇప్పటి మంచి ఎల్.ఇ.డి. ట్యూబు వాటుకు నూరు ల్యూమెన్లు, అంతకుమించీ ఇస్తుంది.

ఇంకొక సంగతి. ట్యూబులైటు వెలుగు అన్ని వైపులకూ పోతుంది. సగం వెలుగు పైకి పోయి, దుమ్ము పట్టిన రిఫ్లెక్టరుకు తగిలి, నీరసించి కిందికి వస్తుంది. ఎల్.ఇ.డి. ఒకవైపుకే చూస్తుంది. కావున 2000 ల్యూమెన్ల ఎల్.ఇ.డి. ట్యూబు, 2450 ల్యూమెన్ల పాత ట్యూబుకు బల్ల మీద దాదాపు సమానంగా పనిచేస్తుంది.

నీలి దీపం కోసం ముప్పై ఏళ్ళు

ఎల్.ఇ.డి. అంటే కాంతినిచ్చే డయోడు. పి–ఎన్ సంధి గుండా కరెంటు పోయేటప్పుడు ఒక ఎలక్ట్రాను, ఒక రంధ్రం కలుసుకుంటాయి. ఆ కలయికలో విడుదలైన శక్తి ఫోటానుగా బయటపడుతుంది. ఫోటాను రంగు ఆ అర్ధవాహకం యొక్క బ్యాండు గ్యాపును బట్టి ఉంటుంది. మనం సెకండియర్లో చదివిందే. 1962లో నిక్ హోలోన్యాక్ అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఎర్రటి ఎల్.ఇ.డి.ని వెలిగించాడు. తరువాత పచ్చనిదీ, పసుపుదీ వచ్చాయి. రేడియోల మీదా, కాలిక్యులేటర్లలోనూ చుక్కల్లాగా మెరిశాయి. గది వెలిగించాలంటే మాత్రం తెల్లని కాంతి కావాలి. దానికి నీలం తప్పనిసరి. నీలానికి గాలియం నైట్రైడు అనే మొండి పదార్థం కావాలి. దాని స్ఫటికాన్ని లోపాలు లేకుండా పెంచడం, దాన్ని పి–రకంగా మార్చడం ఏళ్ళ తరబడి ఎవరికీ చేతకాలేదు. పెద్ద పెద్ద కంపెనీలు విసిగి వదిలేశాయి. జపానులో ఇసాము అకసాకి, ఆయన శిష్యుడు హిరోషి అమానో, వేరుగా నిచియా అనే కంపెనీలో షూజీ నకమురా పట్టు విడవలేదు. 1993లో నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి.ని లోకానికి చూపాడు. ఆ ముగ్గురికీ 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈనాడు మన నెత్తిమీద వెలిగే 'తెల్ల' ఎల్.ఇ.డి. నిజానికి నీలిదే. సుమారు 450 నానోమీటర్ల నీలి కాంతి మీద పసుపుపచ్చని ఫాస్ఫరు పూత పూస్తారు. నీలంలో కొంత ఆ పూతలో పడి పసుపుగా మారుతుంది, కొంత అట్లాగే బయటికి వస్తుంది. రెండూ కలిసి కంటికి తెలుపు.

ఒక హాలు లెక్క

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఊహాత్మకమైన ఒక ఆఫీసు హాలును తీసుకుందాం. పొడవు 20 మీటర్లు, వెడల్పు 10. పొడవైన గోడకు ఒకవైపు వరుసగా కిటికీలు. కిటికీల గోడకు సమాంతరంగా నాలుగు వరుసలు, వరుసకు 15 చొప్పున మొత్తం 60 ట్యూబులైట్లు. చోకుతో కలిపి ఒక్కొక్కటి 48 వాట్లు. ఉదయం ఊడ్చే మనిషి వచ్చి దీపాలు వేస్తుంది, రాత్రి వాచ్‌మన్ ఆర్పుతాడు. ఈ మధ్యకాలం పది గంటలు. అందులో ఆఫీసు నడిచేది ఏడు గంటలే. సంవత్సరానికి 300 రోజులు.

60 ట్యూబులు, 48 వాట్లు, 3000 గంటలు – ఏడాదికి 8640 యూనిట్లు.

ఎల్.ఇ.డి.లు పెట్టాం. ఒక్కొక్కటి 20 వాట్లు. లెక్క 3600 యూనిట్లకు దిగింది. నూటికి 58 వంతులు మిగిలాయి. మేనేజరు సంతోషిస్తాడు, ఫోటో తీయిస్తాడు, కథ అంతటితో ఆగిపోతుంది.

కాని చూడండి. పనివేళలు కాని ఆ మూడు గంటల్లో ఊడ్చేవాళ్ళకూ, ఆలస్యంగా కూర్చున్న ఇద్దరు గుమాస్తాలకూ ఒక వరుస వెలిగితే చాలు. మిగతా మూడు వరుసలు, అంటే 45 దీపాలు, ఆర్పివేయవచ్చు. ఏడాదికి 810 యూనిట్లు తగ్గుతాయి. ఆఫీసు వేళల్లో కనీసం ఐదు గంటలు కిటికీ పక్క వరుసకు దీపం అవసరమే లేదు. మరో 450 యూనిట్లు. రెండవ వరుసను ఆ ఐదు గంటలూ సగానికి తగ్గిస్తే ఇంకో 225. మొత్తం 1485 యూనిట్లు పోగా మిగిలేది 2115. మొదటి 8640లో ఇది నాలుగవ వంతు కంటే తక్కువ.

ఈ లెక్కను తిరగేసి చూస్తే మరొక విశేషం కనబడుతుంది. ఎల్.ఇ.డి.లు కొనకుండా, పాత ట్యూబులనే ఉంచి, స్విచ్చిలు మాత్రం సరిగా అమర్చామనుకోండి. పనివేళలు కాని సమయంలో మూడు వరుసలు ఆర్పినందుకు 1944 యూనిట్లు, కిటికీ వరుస ఆర్పినందుకు 1080 యూనిట్లు. మొత్తం 3024, అనగా నూటికి 35 వంతులు. ఒక్క కొత్త దీపం కొనలేదు! ఒక ఎలక్ట్రీషియను, ఒక హెల్పరు, కొన్ని కాయిల్స్ వైరు – ఇంతే ఖర్చు. ఈ పని ముప్పై ఏళ్ళ క్రితమే చేయగలిగి ఉండేవాళ్ళం. ఎందుకు చేయలేదు?

స్విచ్చిబోర్డు చెప్పే కథ

జవాబు గోడ మీదే ఉంది. ఏ పెద్ద హాలుకైనా వెళ్ళి స్విచ్చిలు ఒక్కొక్కటే వేసి చూడండి. చాలాచోట్ల ఒక స్విచ్చి వేస్తే కిటికీ దగ్గర ఒకటి, మధ్యలో రెండు, లోపలి గోడ దగ్గర ఒకటి – అడ్డంగా వెలుగుతాయి. తలుపు వైపు నుండి వైరు లాగుకుంటూ పోయిన ఎలక్ట్రీషియనుకు అది సులువు, కాంట్రాక్టరుకు వైరు కలిసివస్తుంది. కాని ఫలితం ఏమిటి? కిటికీ దగ్గర వెలుగు ఎక్కువై ఆర్పుదామంటే లోపలి గోడ దగ్గర కూర్చున్నవాడు చీకట్లో పడతాడు. వాడు ఊరుకోడు. కనుక అన్నీ వెలగవలసిందే. కట్టేనాడు మిగిల్చిన నాలుగు మీటర్ల వైరుకు ఆ భవనం ఉన్నంతకాలం వడ్డీ కడుతూనే ఉంటుంది. దీపాల వరుసలను కిటికీలకు సమాంతరంగా స్విచ్చిలకు కలపాలన్నది డ్రాయింగు మీద ఒక్క గీత తేడా. సివిల్ మిత్రులు ప్లాను గీసేటప్పుడు, మనవాళ్ళు వైరింగు లేఅవుట్ గీసేటప్పుడు ఈ గీత దగ్గరే ఆగి ఆలోచించాలి.

స్విచ్చి మీద పేరు లేకపోవడం మరొక జబ్బు. పన్నెండు స్విచ్చిల బోర్డులో ఏది దేనికో తెలియనప్పుడు మనిషి చేసే పని ఒకటే – అరచేత్తో అన్నీ ఒకేసారి నొక్కేస్తాడు. 'కిటికీ వరుస', 'మధ్య వరుస', 'ఫ్యాన్లు' అని అంటించిన కాగితం ముక్కలు ఖరీదైన యంత్రాల కంటే ఎక్కువ కరెంటు ఆదా చేయగలవని నా అభిప్రాయం.

మనిషిని కనిపెట్టే కన్ను

మనిషి ఆర్పడు గనుక యంత్రం చేత ఆర్పిద్దాం అనే ఆలోచనలోంచి ఆక్యుపెన్సీ సెన్సారు పుట్టింది. వీటిలో ఎక్కువగా వాడేది పి.ఐ.ఆర్. రకం. మన ఒంటి వేడి వల్ల సుమారు 10 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర పరారుణ కిరణాలు వెలువడుతుంటాయి. సెన్సారు ముందున్న ముడతల ప్లాస్టిక్ లెన్సు గదిని విసనకర్ర మడతల్లాగా ముక్కలు చేస్తుంది. ఒక మడతలోంచి మరొక మడతలోకి మనిషి కదిలితే సెన్సారులో చిన్న వోల్టేజి పుడుతుంది. మనిషి ఉన్నాడని తెలుస్తుంది. ఇక్కడ గుర్తుంచుకోవలసింది – అది చూసేది మనిషిని కాదు, చుట్టుపక్కల కంటే వెచ్చగా ఉన్న వస్తువు కదలికను.

దీనివల్ల రెండు చిక్కులు. కదలకుండా కూర్చుని పుస్తకం చదివేవాడు, లెక్క ఆలోచించేవాడు దాని దృష్టిలో లేనట్టే. దీపం ఆరిపోతుంది. చేతులు ఊపితే వెలుగుతుంది. రెండు మూడుసార్లు ఇట్లా జరిగాక ఎవరో ఒకరు కుర్చీ ఎక్కి సెన్సారు మీద స్టిక్కరు అంటించడమో, దాన్ని తప్పించి నేరుగా వైరు కలపడమో చేస్తారు. వారిని తప్పుపట్టలేం. రెండవ చిక్కు మన వాతావరణానికి సంబంధించినది. మన చర్మం ఉష్ణోగ్రత సుమారు 32–34 డిగ్రీలు. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో ఎ.సి. లేని వరండాలో గోడలు కూడా అంతే వేడిగా ఉంటాయి. అప్పుడు మనిషికీ గోడకూ తేడా కనిపెట్టలేక సెన్సారు మందగిస్తుంది. చల్లని దేశాల కేటలాగులో ఎన్ని మీటర్లు చూస్తుందని రాసి ఉన్నా మన ఎండాకాలంలో అంత చూడదు. అటువంటి చోట అల్ట్రాసోనిక్ లేదా మైక్రోవేవ్ రకం మేలు. అయితే మైక్రోవేవ్ పలుచని చెక్క పార్టిషన్ దాటి పక్క గదిలో నడిచేవాడిని కూడా పట్టేస్తుంది. తిరిగే ఫ్యాను రెక్కలు కూడా దాన్ని మభ్యపెట్టగలవు.

ఖర్చు విషయం కూడా నిజాయితీగా చూడాలి. సెన్సారు 1500 రూపాయలు, యూనిటు 9 రూపాయలు అనుకుందాం. ఒకే ఒక్క 20 వాట్ల దీపానికి సెన్సారు పెట్టి రోజుకు మూడు గంటలు ఆర్పితే ఏడాదికి మిగిలేది 18 యూనిట్లు, 162 రూపాయలు. పెట్టుబడి తిరిగిరావడానికి తొమ్మిదేళ్ళు పైనే. పైగా సెన్సారు తాను మేలుకొని ఉండటానికి అర వాటు తిన్నా ఏడాదికి నాలుగు యూనిట్లు దాటుతుంది. మిగిల్చినదాంట్లో నాలుగో వంతు కావలివాడే తినేసినట్టు! అదే సెన్సారు పదిహేను దీపాల వరుసను కాపలా కాస్తే ఎనిమిది నెలల లోపే ఖర్చు తిరిగివస్తుంది. ఎల్.ఇ.డి.లు వచ్చి వాట్లు తగ్గేకొద్దీ ఒక్కొక్క దీపానికి సెన్సారు పెట్టడం లాభసాటి కాకుండా పోతోందన్న సంగతి సెన్సార్లు అమ్మేవాళ్ళు చెప్పరు. మీటింగు గదులు, స్టోర్లు, మెట్లు, సెల్లారు పార్కింగు, పెద్ద బాత్‌రూములు – మనుషులు వచ్చిపోయే చోట్లకు సెన్సారు సరిపోతుంది. మనుషులు స్థిరంగా కూర్చునే చోటికి మామూలు స్విచ్చే మిన్న.

ఇంకొక మెళకువ. దీపం వేసేది మనిషే అయి, ఆర్పేది మాత్రం సెన్సారు అయ్యేటట్లు అమర్చితే ఆదా ఎక్కువ. మనిషి రాగానే తానే వేసే సెన్సారు, పట్టపగలు ఫైలు తీసుకుపోవడానికి అర నిమిషం వచ్చినవాడికి కూడా దీపాలన్నీ వేసి స్వాగతం పలుకుతుంది. పాత ట్యూబులైటును మాటిమాటికీ ఆర్పి వేస్తే దాని ఆయుష్షు తగ్గేది. అందుకని పదిహేను, ఇరవై నిమిషాల వ్యవధి పెట్టేవాళ్ళు. ఎల్.ఇ.డి.కి ఆ భయం అంతగా లేదు. వచ్చిపోయే చోట్ల వ్యవధిని ఐదు నిమిషాలకు తగ్గించవచ్చు.

సూర్యుడితో పొత్తు

నడినెత్తి ఎండలో బయట లక్ష లక్సు దాకా ఉంటుంది. మబ్బు పట్టిన రోజున కూడా పదివేలు ఉండవచ్చు. ఆఫీసు బల్ల మీద మనకు కావలసింది 300 నుంచి 500. అంత సంపద గుమ్మంలో పెట్టుకుని లోపల బొగ్గు కాల్చి తెచ్చిన కరెంటుతో వెలుగు చేసుకుంటున్నాం. సాధారణంగా కిటికీ పైఅంచు ఎంత ఎత్తుంటే దానికి ఒకటిన్నర రెట్లు లోపలిదాకా పగటి వెలుగు ఉపయోగపడుతుంది. పైఅంచు 2.4 మీటర్లయితే లోపలికి 3.6 మీటర్లు. పైన లెక్కలో మొదటి వరుస ఆర్పి రెండవదాన్ని సగానికి తగ్గించింది ఇందుకే.

మన పెద్దలు మండువా లోగిళ్ళు కట్టుకున్నప్పుడు ఈ సూత్రం ఎవరూ చెప్పలేదు. ఇంటి నడుమ ఆకాశానికి తెరచిన మండువా వల్ల ఏ గదీ వెలుగుకు దూరం కాలేదు. హైదరాబాదులో హైటెక్ సిటీ దగ్గరున్న సి.ఐ.ఐ. – సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటరు భవనం కూడా ఇదే పద్ధతిలో నడిమి ముంగిలి చుట్టూ గుండ్రంగా కట్టిందే. 2003లో అది 'లీడ్' ప్లాటినం గుర్తింపు పొందింది. అమెరికా వెలుపల ఆ గుర్తింపు పొందిన మొట్టమొదటి భవనం. 2004 జులైలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు ప్రారంభించారు. ఆఫీసులకు తెల్ల ఎల్.ఇ.డి.లు ఇంకా అందుబాటులోకి రాని రోజులవి. ఆ భవన నిర్మాతలు దీపంతో మొదలుపెట్టలేదు, సూర్యుడితో మొదలుపెట్టారు. చూడని మిత్రులు ఒకసారి వెళ్ళి చూడవలసిన చోటు.

పగటి వెలుగును వాడుకోవడంలో అసలు శత్రువు చీకటి కాదు, మిరుమిట్లు. పడమటి కిటికీలోంచి ఎండ నేరుగా కంప్యూటరు తెర మీద పడితే బ్లైండ్సు దించేస్తారు. దించినవాడు మళ్ళీ ఎత్తడు. వారం గడిచినా అవి అట్లాగే ఉంటాయి, దీపాలు వెలుగుతూనే ఉంటాయి. ఉత్తరపు కిటికీలకు ఈ బాధ తక్కువ. దక్షిణానికి సరైన సన్‌షేడ్ ఉంటే చాలు. తూర్పు పడమరలు మాత్రం ఎంత అద్దం పెడితే అంత తలనొప్పి. నాలుగు వైపులా ఒకే రకం అద్దపు గోడలతో కట్టే ఇప్పటి కాంప్లెక్సులు దిక్కులు మరిచిపోయిన కట్టడాలు.

వెలుగును బట్టి దీపాన్ని తగ్గించే ఫోటో సెన్సారు ఉంది. పైకప్పుకు బిగించిన ఆ కన్ను కింద బల్ల మీదనుంచి తిరిగివచ్చే వెలుగును చూసి డ్రైవరుకు చెబుతుంది. ఎల్.ఇ.డి.ని మసకబార్చడం తేలిక. పాత ట్యూబుకు దీనికోసం ప్రత్యేకమైన ఖరీదైన బలాస్టు కావలసి వచ్చేది. పైగా తక్కువ కరెంటుతో నడిచే ఎల్.ఇ.డి. చల్లగా ఉండి వాటుకు కాస్త ఎక్కువ వెలుగే ఇస్తుంది. ఇటువంటి ఏర్పాటుకు నేడు వాడే పద్ధతుల్లో 'డాలి' ఒకటి. రెండు తీగల మీద 64 డ్రైవర్ల దాకా కలపవచ్చు. ప్రతిదానికీ ఇంటి నంబరులాగా ఒక నంబరు ఉంటుంది. పార్టిషన్లు మార్చినప్పుడు వైరు మార్చనక్కరలేదు, ఏ నంబరు ఏ గుంపులోనో మార్చి రాస్తే చాలు. చిన్న ఆఫీసుకు ఇది అనవసరపు ఆర్భాటం. అంతస్తుల కొద్దీ ఉండే భవనానికి మాత్రం తగినది.

కొనేవాడు అడగవలసినవి

50,000 గంటల ఆయుష్షు అని పెట్టె మీద రాస్తారు. ఏడాదికి 3000 గంటల చొప్పున పదహారేళ్ళు! అది చిప్పు ఆయుష్షు, అదీ వెలుగు మొదటిదానిలో నూటికి 70 వంతులకు పడిపోయేదాకా. దీపంలో ముందుగా చచ్చేది చిప్పు కాదు, డ్రైవరు. అందులోని ఎలక్ట్రొలిటిక్ కెపాసిటరుకు ప్రతి పది డిగ్రీల వేడికీ ఆయుష్షు సుమారు సగమవుతుంది. ఎల్.ఇ.డి. వేడిని ఫిలమెంటు బల్బులాగా కిరణాలుగా బయటికి విసరలేదు, లోహం ద్వారానే వదిలించుకోవాలి. గాలి ఆడని ఫాల్స్ సీలింగులో చవక దీపాలు రెండేళ్ళకే మిణుకుమిణుకుమనడానికి కారణం ఇదే.

పవర్ ఫ్యాక్టరు రెండవది. చవక డ్రైవర్లది 0.5 దగ్గర ఉంటుంది. పాత చోకుదీ అంతేనని కొందరి వాదన. కాని చోకు కరెంటు వెనుకబడిన సైను తరంగం, కెపాసిటరు పెడితే సరిపోయేది. చవక డ్రైవరు కరెంటు ముక్కలు ముక్కలుగా, హార్మోనిక్సుతో నిండి ఉంటుంది. దాన్ని కెపాసిటరు సరిచేయలేదు. అందువల్ల కె.వి.ఎ.హెచ్. లెక్కన బిల్లు కట్టే హెచ్.టి. వినియోగదారులు 0.9కి తగ్గని డ్రైవర్లనే అడగాలి.

మూడవది అదురు. మన సప్లయి 50 సైకిళ్ళు గనుక నాసిరకం డ్రైవరు సెకనుకు నూరుసార్లు వెలుగును ఎక్కించి దించుతుంది. కంటికి తెలియదు, కొందరికి తలనొప్పిగా తెలుస్తుంది. వర్క్‌షాపులో అయితే ఇది ప్రమాదం. తిరుగుతున్న లేత్ చక్ ఆగినట్లు కనబడవచ్చు. దీపం కింద పెన్సిలును వేగంగా ఊపి చూడండి. నునుపైన మసకకు బదులు విడివిడి పెన్సిళ్ళు కనబడితే ఆ దీపం వర్క్‌షాపుకు పనికిరాదు.

పాత పట్టీలోనే ఎల్.ఇ.డి. ట్యూబు బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. నేరుగా సప్లయి తీసుకునే రకమైతే చోకు, స్టార్టరు తొలగించి వైరింగు మార్చి, ఆ సంగతి పట్టీ మీద రాసి అంటించాలి. లేకపోతే ఏ రాత్రో వచ్చిన మరొక ఎలక్ట్రీషియను అందులో పాత ట్యూబు పెట్టే ప్రయత్నం చేస్తాడు.

ఇక ఎ.సి. ఉన్న హాలులో దీపం తిన్న ప్రతి వాటూ చివరికి వేడిగా మారి ఎ.సి. మీద పడుతుంది. మూడు యూనిట్ల వేడిని బయటికి తోడటానికి సుమారు ఒక యూనిటు కరెంటు కావాలి. కాబట్టి దీపాల్లో మూడు యూనిట్లు మిగిలితే అసలు మిగిలింది నాలుగు. మన వేసవికి ఇది చిన్న విషయం కాదు.

చట్టం, అద్దె, మీటరు

2001 నాటి ఇంధన పరిరక్షణ చట్టం కింద కేంద్రం 2007లో వాణిజ్య భవనాలకు ఒక కోడ్ – ఇ.సి.బి.సి. – తెచ్చింది. ఆఫీసులో దీపాలకు చదరపు మీటరుకు 10.8 వాట్లు మించరాదన్నది అప్పటి హద్దు. 2017 సవరణలో అది 9.5 అయింది. 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడు గాని, 120 కె.వి.ఎ. ఒప్పందం గాని ఉన్న భవనాలకు అది వర్తించేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014లో దాన్ని తన నిబంధనల్లో చేర్చుకుంది. మన ఊహాత్మక హాలు పాత ట్యూబులతో 14.4 వాట్లు, ఎల్.ఇ.డి.లతో 6. వాట్ల హద్దు దాటడం ఇప్పుడు ఏమంత కష్టం కాదు. ఆ కోడ్ సెన్సార్లు, పగటి వెలుగు నియంత్రణ కూడా అడుగుతుంది. వాట్లను మాత్రం డ్రాయింగు చూసి సరిచూడవచ్చు. గంటలను సరిచూడాలంటే భవనం నడవడం మొదలయ్యాక మళ్ళీ రావాలి. ఆ రావడమే మన దగ్గర తక్కువ.

అద్దె కాంప్లెక్సుల్లో ఇంకొక ముడి ఉంది. దీపాలు, వైరింగు పెట్టేది యజమాని. బిల్లు కట్టేది అద్దెకున్నవాడు. చవక డ్రైవరు, అడ్డంగా లాగిన వైరు యజమానికి లాభం, అద్దెదారుకు నష్టం. అద్దెదారు మూడేళ్ళకు ఖాళీ చేసేవాడు, సొంత డబ్బుతో ఎందుకు మారుస్తాడు? వరండాలు, మెట్లు, లిఫ్టు ముంగిళ్ళ కరెంటు అందరికీ పంచి వేస్తారు గనుక అది ఎవరిదీ కాదు, రాత్రంతా వెలుగుతుంది. దీపాలకు విడిగా ఒక సబ్‌మీటరు పెట్టి, ప్రతి అంతస్తు లెక్క ప్రతినెలా నోటీసు బోర్డులో పెట్టడం ఈ ముడికి నాకు తోచిన మొదటి విరుగుడు. ఒప్పందం రాసేటప్పుడే దీపాల నాణ్యత కూడా అందులో రాసుకోవడం రెండవది.

సెన్సార్లు బిగించిన తరువాత చేయవలసిన పని ఒకటుంది. చాలాచోట్ల జరగనిది అదే. రాత్రి ఒకసారి, పగలు ఒకసారి లక్సు మీటరు పట్టుకుని ప్రతి వరుస కింద కొలవాలి. రాత్రి కొలతను బట్టి దీపాల గరిష్ఠాన్ని దించాలి. కొత్త దీపాలు భవిష్యత్తు దుమ్మును లెక్కలో పెట్టుకుని ఎక్కువ వెలుగుకే డిజైను చేస్తారు, మొదటి ఏళ్ళలో నూటికి ఎనభై వంతులు సరిపోవచ్చు. పగటి కొలతను బట్టి ఫోటో సెన్సారును సరిచేయాలి. బల్లలు జరిపినా, గోడ రంగు మార్చినా ఈ కొలత మళ్ళీ చేయాలి. తెల్లటి బల్లల స్థానంలో ముదురు రంగు బల్లలు వస్తే సెన్సారు కంటికి గది చీకటి అయినట్టే. ఏ సెన్సారుకు ఎన్ని నిమిషాల వ్యవధి, ఎంత లక్సు పెట్టామో ఒక కాగితం మీద రాసి ప్యానెల్ తలుపు లోపలివైపు అంటించాలి. బిగించిన కాంట్రాక్టరు వెళ్ళిపోయాక, ఎలక్ట్రీషియను మారిపోయాక, ఆ భవనంలో ఈ సంగతులు తెలిసినది ఆ కాగితం ఒక్కటే.